బటన్ నా సీటుకే ఉంది

భద్రాచలానికి విమానం రాదు. ఆ మాటకొస్తే రైలూ రాదు. ‘భద్రాచలం రోడ్’ అని ఒక స్టేషనుంది, అది కొత్తగూడెంలో ఉంటుంది. తెల్లారుజామున దిగిన కొత్త భక్తుడు బోర్డు చూసి చేతులు జోడిస్తాడు. బయటికొచ్చాక తెలుస్తుంది, బోర్డు మీద రెండో మాట ఒక్కటే నిజమని. రోడ్డుంది. భద్రాచలం ఇంకో 40 కిలోమీటర్లు. మల్కన్‌గిరి నుంచి మా ఊరి మీదుగా పాండురంగాపురం దాకా కొత్త లైనుకు 2024లో ఢిల్లీలో ఆమోదం దొరికింది. కొత్తగూడెం దగ్గర విమానాశ్రయం అన్న మాటైతే అంతకంటే ముందునుంచీ గాల్లో ఉంది. మా వైపు ఇప్పటిదాకా గాల్లోకి లేచింది ఆ మాటొక్కటే.

అలాంటి ఊరివాడికి విమానంలో సీటు వాల్చే మర్యాద గురించి రాసే అర్హత ఏముందని అడగవచ్చు. ఉంది. నాకు రెండు మోకాళ్లున్నాయి.

కిందటేడు మా పెద్దాడు డాలస్ నుంచి టిక్కెట్టు పంపాడు. శంషాబాదులో ఎక్కి, గల్ఫులో దిగి, మళ్లీ ఎక్కి, పగలూ రాత్రీ తేడా పోయేదాకా కూర్చోవాలి. ఏ కంపెనీ విమానమో చెప్పను. అన్ని కంపెనీలదీ ఒకటే కొలబద్ద, ఒకరి పేరు చెబితే మిగతావాళ్లకు అన్యాయం. గల్ఫులో ఎక్కిన విమానంలో నాకు దొరికింది ఆఖరి వరస. నా వెనక మరుగుదొడ్డి గోడ. ఆఖరి వరస సీటు వాలదని కూర్చున్నాక తెలిసింది. బటన్ ఉంది, నొక్కితే లోపలికి పోతుంది కూడా. సీటు మాత్రం కదలదు. ప్రభుత్వాఫీసులో ఫిర్యాదుల పెట్టె గుర్తొచ్చింది.

భోజనం ట్రే వచ్చింది. అల్యూమినియం రేకు విప్పి, పప్పులాంటిదేదో ఉంటే అందులో చెంచా పెట్టబోతున్నాను. ముందు సీటు ఒక్కసారిగా వచ్చి నా పొట్ట మీద పడింది. పప్పు నా చొక్కాకు, నీళ్లు నా ఒళ్లోకి, చెంచా ఎక్కడికో.

“బాబూ, అన్నం తినేదాకా సీటు కాస్త ముందుకు పెడతావా?” అన్నాను తెలుగులోనే. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ కదా.

అతను వెనక్కి తిరగలేదు. సీటు మీంచి గొంతు మాత్రం వచ్చింది. “బటన్ నా సీటుకే ఉందండీ.”

ఎంత చక్కటి వాక్యం! అందులో కోపం లేదు, అబద్ధం లేదు, వ్యాకరణ దోషం కూడా లేదు. దాని ముందు నేను పెట్టగలిగింది రెండు మోకాళ్లు, పప్పు మరక. కాసేపు ఊరుకుని, తెలుగువాడికి సహజమైన ఆయుధం తీశాను.

“మీదే ఊరు బాబూ?”

“ఖమ్మమండీ. మామిళ్లగూడెం.”

“అట్లనా! మాది భద్రాచలం.”

ఇప్పుడు తిరిగాడు. “అవునా అంకుల్! మా మామగారు సారపాక పేపరు మిల్లులో చేసి రిటైరయ్యారు.” అక్కణ్ణుంచి పది నిమిషాల్లో వాళ్ల మామగారి తోడల్లుడు మా పెద్దక్క ఆడబిడ్డ మొగుడని తేలింది. ఆ లెక్కన ఈ కుర్రాడు నాకు అల్లుడి వరస. “అయితే మామయ్యగారూ!” అని నవ్వాడు. నేనూ నవ్వాను. వరస కలిసింది, సీటు లేవలేదు. పైగా పరిస్థితి ఇంకా దిగజారింది. సీటు ఎత్తమని అల్లుణ్ణి అడిగే మామ తెలుగుగడ్డ మీద ఇంకా పుట్టలేదు.

అలా అట్లాంటిక్ దాటాను, అల్లుడి తల నా గడ్డం కింద పెట్టుకుని. తలకు మంచి నూనె రాశాడు.

డాలస్‌లో పనేముంటుంది? మా పెద్దాడు వాళ్లు ఆఫీసుకు పోయాక ఈ సీట్ల సంగతే చదువుతూ కూర్చున్నాను. ఒక సీటుకూ దాని ముందు సీటుకూ మధ్య దూరాన్ని విమానాలవాళ్లు ‘పిచ్’ అంటారట. ఒకప్పుడు మామూలు తరగతిలో అది 35 అంగుళాల దాకా ఉండేది. తర్వాత 31కి వచ్చింది. చవక టిక్కెట్ల విమానాల్లో 28కి దిగింది. వెడల్పు 17, మహా అయితే 18. ‘ప్రయాణికుల సౌకర్యానికి పెద్దపీట వేస్తున్నాం’ అని ప్రకటనల్లో రాసేది వీళ్లే. ఆ పీట మీద మా అమ్మ కూర్చుని కూర తరిగేది కాదు, కత్తిపీట ఇంతకంటే వెడల్పు.

ఇందులో ఒక కిటుకుంది. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు సీట్లన్నీ నిటారుగా ఉండాలంటారు. ఎందుకంటే ప్రమాదం జరిగితే సగం తలుపుల్లోంచే, 90 సెకన్లలో, అందరూ బయటపడగలగాలని విమానాల తయారీకి నిబంధన. వాలిన సీటు దాటుకుని మనిషి బయటికి రావడం కష్టమని వాళ్లకు బాగా తెలుసన్నమాట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ కష్టం లెక్కలోకొస్తుంది. పదహారు గంటలు మోకాళ్ల మీదికి వచ్చినప్పుడు రాదు.

కొన్ని కంపెనీలు ఈ తగవు పడలేక బటనే తీసేశాయి. సీటును ఏ మూలకూ కదలకుండా బిగించి, దానికి ‘ముందే వాల్చిన సీటు’ అని పేరు పెట్టింది ఒక అమెరికా కంపెనీ. ఆ పేరు పెట్టిన మహానుభావుడు మన దగ్గర పుట్టి ఉంటే ఖాళీ విస్తరికి ‘ముందే తిన్న భోజనం’ అని పేరు పెట్టి పెళ్లిళ్లు చేయించేవాడు.

బటన్ ఉంచిన కంపెనీలు చేసిందేమిటో ఖమ్మం చుట్టుపక్కల ప్లాట్లు కొన్నవాళ్లకు చిటికెలో అర్థమవుతుంది. ముందు సీటువాడికి అమ్మిన టిక్కెట్టులో వెనక్కి వాలే జాగా ఉంది. వెనక సీటువాడికి అమ్మిన టిక్కెట్టులో మోకాళ్లు పెట్టుకునే జాగా ఉంది. రెండూ ఒకటే జాగా. మా దగ్గర దీన్ని డబుల్ రిజిస్ట్రేషన్ అంటారు. ఒకే ప్లాటును ఇద్దరికి రాసిస్తారు, కొన్న ఇద్దరూ హద్దురాళ్లు పట్టుకుని తలలు పగలగొట్టుకుంటుంటే అమ్మినవాడు హైదరాబాదులో కొత్త వెంచరు మొదలుపెడతాడు. నేల మీద చేస్తే అది చీటింగ్ కేసు. ముప్పై వేల అడుగుల ఎత్తున చేస్తే అది విమానయానం. పైగా గొడవ ముదిరాక అమ్మినవాడి మనిషే వచ్చి, “మీరిద్దరూ కాస్త మర్యాదగా ఉండండి” అని నీతి చెబుతాడు.

ఆ తలలు పగలగొట్టుకోవడం అమెరికాలో ఘనంగా జరిగింది. ముందు సీటు వెనక్కి రాకుండా ట్రే చేతులకు తగిలించే ప్లాస్టిక్ బిళ్లల జత ఒకటి 2003లో బజారులోకొచ్చింది. మోకాళ్ల రక్షకుడని దాని పేరు. 2014 ఆగస్టులో న్యూవార్క్ నుంచి డెన్వర్ పోతున్న యునైటెడ్ విమానంలో ఒకాయన అది తగిలించాడు. ముందు సీటావిడ వాల్చబోతే సీటు కదల్లేదు. తీయమన్నారు, తీయనన్నాడు. ఆవిడ ఆయన మీద నీళ్లు చల్లింది. విమానాన్ని షికాగోలో దించి ఇద్దర్నీ దింపేశారు. నాకు నచ్చిన వివరం ఇది కాదు. వాళ్లిద్దరూ కూర్చున్నవి నాలుగంగుళాలు ఎక్కువ జాగా ఉన్న, ఎక్కువ డబ్బు కట్టి కొనుక్కున్న సీట్లు. నాలుగంగుళాలు ఎక్కువిస్తే మనిషి ఆ నాలుగంగుళాల కోసం కూడా కొట్లాడతాడు.

దీని మీద అక్కడి పండితులు ఊరుకోలేదు. రొనాల్డ్ కోస్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఉండేవాడు, 1991లో నోబెల్ వచ్చింది. హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చూ కష్టమూ లేకపోతే, ఇద్దరూ బేరం కుదుర్చుకుని జాగా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే చేరుస్తారని స్థూలంగా ఆయన మాట. దాన్ని పట్టుకుని, మోకాళ్లు నొప్పిగా ఉంటే ముందువాడికి డబ్బిచ్చి ఆపుకోవచ్చు కదా అన్నారు కొందరు. ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు జనాన్ని అడిగి చూశారు. వాల్చే హక్కు ముందువాడిదే అనుకుందాం, వాల్చకుండా ఉండటానికి ఎంత కావాలి? సగటున 41 డాలర్లు. వెనకవాడు ఎంతిస్తాడు? 18. బేరం కుదరదు. సరే, తిరగేద్దాం. జాగా వెనకవాడిదే అనుకుందాం, వాల్చుకోనివ్వడానికి ఎంత కావాలి? 39 డాలర్లు. ముందువాడు ఎంతిస్తాడు? 12. మళ్లీ కుదరదు.

అవే మోకాళ్లు, అదే మనిషి. కాగితం ఎదుటివాడి చేతిలో ఉంటే 18, తన చేతిలో ఉంటే 39. నోబెల్ దాకా పోనక్కర్లేకుండా ఈ లెక్క చెప్పగలిగినవాళ్లు మా వైపు ఊరికొకరు ఉన్నారు. పట్టా ఉన్న పొలానికీ, తాతల నుంచి దున్నుతున్నా పట్టా లేని పోడుకూ నష్టపరిహారంలో తేడా ఎంతో వాళ్లనడగండి.

అక్కడికి తర్వాత వస్తాను. ముందు మా బస్సుల సంగతి.

సీటు పట్టడంలో మాకంటూ ఒక ధర్మశాస్త్రం ఉంది. బస్సు స్టాండులోకి మలుపు తిరగ్గానే దాని వెంట పరుగెత్తి, కిటికీలోంచి కర్చీఫ్ పడేయాలి. పడిందా, ఆ సీటు మీది. కర్చీఫ్ లేకపోతే తువ్వాలు, అదీ లేకపోతే సంచి. మరీ అవసరమైతే పసిపిల్లాణ్ణి కిటికీలోంచి లోపల ఉన్న అపరిచితుడికి అందించి, “కాస్త ఆ సీట్లో కూర్చోబెట్టన్నా” అంటారు. పిల్లాడు ఏడుస్తూ సీటు కాస్తుంటాడు. రూపాయి విలువ చెయ్యని మురికి గుడ్డకు ఇంత పవిత్రత ఇచ్చిన నాగరికత ఇంకొకటి నాకు తెలియదు. దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చున్నవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తారు. ‘స్త్రీలకు మాత్రమే’ అని పెయింటుతో రాసిన అక్షరాలకు మాత్రం అంత భయం ఉండేది కాదు. ఆ అక్షరాల కిందే దశాబ్దాల పాటు మగవాళ్లు కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చి పల్లెవెలుగులూ ఎక్స్‌ప్రెస్‌లూ ఆడవాళ్లతో నిండాక, బస్సుల్లో మర్యాద చచ్చిపోయిందని మొదట గగ్గోలు పెట్టింది వాళ్లే. డబ్బు కట్టి నిలబడుతున్నామని వాళ్ల బాధ. అంతకుముందు ఆడవాళ్లు డబ్బు కట్టే నిలబడ్డారు. దాన్ని అప్పుడు రద్దీ అనేవాళ్లు.

బస్సు పోని చోట ఆటో. సంత రోజున చర్ల వైపు నుంచి వచ్చే ఏడు సీట్ల ఆటో ఎక్కితే విమానం మీద గౌరవం పుడుతుంది. ఏడు సీట్ల ఆటో అన్నది దాని పేరు, లెక్క కాదు. డ్రైవరుకు ఒక పక్క ఇద్దరు, ఇంకో పక్క ఒకరు. అతను సీటు అంచున సగం కూర్చుని, సగం గాల్లో ఉండి నడుపుతాడు. మీ మోకాలు ఎవరి మోకాళ్ల మధ్య ఉందో గోకితే గాని తెలియదు. ఇంకో ఇద్దరు ఎదురొస్తారు. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, “జరగండి, సర్దుకోండి” అంటాడు. ఎవరూ ఒక్క అంగుళం కదలరు. జాగా పుడుతుంది. ఆ ఇద్దరూ కూర్చుంటారు. భౌతికశాస్త్రం ఇంకా ఇంతదూరం రాలేదు.

తెలుగువాడి ఆసన మర్యాదంతా ఆ ఒక్క మాటలో ఉందని పొంగిపోయి రాయబోయాను. ‘అమెరికావాళ్లు కొట్టుకుంటారు, మనం సర్దుకుంటాం’ అని. అంతలో మా ఆవిడ, “ఆ మాట అనేవాడు ఎప్పుడన్నా నిలబడి అన్నాడా?” అంది. ఆలోచించాను. నిజమే. సర్దుకోండని చెప్పేవాడికి ఎప్పుడూ సీటుంటుంది.

దేవుడి విషయానికొస్తే మా రాముడిది మొదటినుంచీ సీటు పంచాయితీయే. మిగతా ఊళ్లలో రాముడు విల్లు పట్టుకుని నిలబడతాడు. భద్రాచలంలో కూర్చుని ఉంటాడు, సీతమ్మ ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది. లక్ష్మణస్వామి పక్కన నిలబడి ఉంటాడు. కర్చీఫ్ వేసుకోని ప్రయాణికుడు, పాపం. అయితే ఆ కూర్చోవడం వెనక ఒక కథ ఉంది. మేరువు కొడుకు భద్రుడు తన తల మీద కొలువుండమని రాముణ్ణి అడిగాడు. సీతను వెతికి తిరిగొచ్చేటప్పుడు వస్తానని మాటిచ్చి రాముడు మరిచిపోయాడు. భద్రుడు తపస్సు చేశాడు. అప్పుడు వైకుంఠం నుంచి విష్ణువు హడావిడిగా రామరూపంలో వచ్చాడు. ఆ తొందరలోనే శంఖచక్రాలు చేతులు మారాయంటారు. మరిచిపోవడం సంగతి పక్కన పెట్టండి, మాటిచ్చి మరిచిపోయి తర్వాత హెలికాప్టరులో వచ్చేవాళ్లు మాకు అలవాటే. గమనించాల్సిందేమిటంటే, దేవుడంతటివాడు కూడా కిందివాడు అడిగాకే వాడి నెత్తి మీద కూర్చున్నాడు. కుర్చీ కిందివాడి అనుమతితో మా దగ్గర జరిగిన కూర్చోవడం నాకు తెలిసి అదే మొదలు, అదే ఆఖరు.

ఎందుకంటే, తర్వాత మా మీద వాలినవాళ్లెవరూ అడగలేదు.

భద్రాచలం, నూగూరు తాలూకాలు ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. 1959లో ఖమ్మం జిల్లాకు ఇచ్చారు. బాగానే ఉంది, కూర్చున్నాం. 2014 మే నెలాఖరులో, తెలంగాణ పుట్టడానికి కొద్ది రోజుల ముందు, ఢిల్లీ నుంచి ఒక ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు కిందికొచ్చే మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు. బూర్గంపాడులో కొంత. భద్రాచలం మండలంలో, భద్రాచలం ఊరు తప్ప, మిగతాదంతా. గుడి ఇక్కడ ఉండిపోయింది, చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. రాముడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలోని రాముడి పొలాలు ఆంధ్రలో. ఎటపాక అటు. ఊళ్లో చెత్త ఎత్తి ఎక్కడ పోయాలన్నా అడుగు తీసి అడుగు వేస్తే ఇంకో రాష్ట్రం. పెళ్లిలో పెద్దమనిషిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు వైపులా కుర్చీలు అతని ఒళ్లోకి తోసినట్టయింది.

సీటు ఎందుకు వాల్చారంటే, ఆనకట్టకు నడుం నొప్పి. ఎగతాళి చేయడం లేదు, కిందివైపు పొలాలకు నీళ్లు కావాలి, అవసరం నిజమే. ముందు సీటువాడి నడుం నొప్పి కూడా చాలాసార్లు నిజమే. పోలవరం జలాశయం పూర్తిమట్టం 150 అడుగులు. ఆ గోడకు ఆనుకుని నీళ్లు వెనక్కి వాలతాయి. ఆ వాలే నీళ్లకు ఇంజనీర్లు బ్యాక్‌వాటర్ అని పేరు పెట్టారు. పుష్‌బ్యాక్ అన్నా సరిపోయేది. ఆ వాలు కింద దాదాపు లక్ష కుటుంబాలున్నాయి. కోయలు, కొండరెడ్లు ఎక్కువ. వాళ్ల పరిస్థితి నాకు విమానంలో ఎదురైనట్టే. ట్రే మీద అన్నం ఉంది, ఇంకా చెంచా పెట్టలేదు.

మా గోదావరికి భద్రాచలం దగ్గర మూడు గీతలుంటాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఇవి వస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది. అంత నీరు ఇక జన్మలో చూడమనుకున్నాం. 2022 జూలై 16న 71.3. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కడుతున్న ఆనకట్ట వల్లే నీళ్లు వెనక్కి తన్నాయని ఈ రాష్ట్రం వాళ్లు, ఆనకట్టకూ దీనికీ సంబంధం లేదని ఆ రాష్ట్రం వాళ్లు. నీళ్లు మాత్రం ఏ రాష్ట్రమో అడక్కుండా ఇళ్లలోకొచ్చాయి. ఎవరు వాల్చారో తేలేలోగా పప్పు ఒలికిపోయింది.

ఆనకట్టవాళ్లను అడిగితే జవాబు ఎలా ఉంటుందో మీకిప్పటికే తెలుసు. బటన్ మా సీటుకే ఉందండీ. బటన్‌కు పార్లమెంటు ఆమోదం ఉంది. వెనకవాడి మోకాళ్లకు పట్టా ఉందా? పరిహారం కావాలా? చెప్పు, 18 ఇస్తాం.

ఇంతవరకు రాసి చదివితే వ్యాసం నాకే బాగా నచ్చింది. ఢిల్లీని తిట్టాను, ఆనకట్టను తిట్టాను, విమానాలను తిట్టాను. తిట్టినవాళ్లెవరూ మా వీధిలో ఉండరు. అంత సుఖంగా ఉంటే ఎక్కడో తేడా ఉందన్నమాట.

మా తాత కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండిలో ఈ ఏజెన్సీకి వచ్చాడు. పొగాకు వేశాడు, మిరప వేశాడు. నేల ఎవరిదని నేను చిన్నప్పుడు అడిగితే, “ఖాళీగా ఉండేది” అన్నాడు. ఖాళీగా ఉన్న నేలకు అప్పటికే ఒక కోయ ఇంటిపేరుతో ఊరి పేరుండేది. ఈ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారడం చెల్లదని చెప్పే నిబంధన ఒకటుంది. 1959లో వచ్చింది, 1970లో గట్టిపడింది. అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. ఆ చట్టం అక్షరం ముక్క చదవనివాడికి కూడా దాని నెంబరు తెలుసు. రౌడీషీటు నెంబరులా దాన్ని పిలుస్తాం. మా తాత తరం పెద్దలు దాన్ని తిట్టని పండగ లేదు. అది మేం వాల్చిన సీటుకు వెనకవాడు తగిలించిన ప్లాస్టిక్ బిళ్ల. దాన్ని ఎలా తప్పించాలో, ఎవరి పేరు మీద కాగితం పెట్టి ఎవరు దున్నాలో, ఆ విద్యలో మా వాళ్లకు ఎవరూ సాటి రారు. నేను ఇప్పుడు కూర్చున్న అరుగు కూడా ఎవరో మోకాళ్లు ముడుచుకుంటే వచ్చిన జాగానే. అల్లుడికి చెప్పాలనుకున్న నీతులన్నీ ఆ అరుగు మీద కూర్చుని రాశాను.

అమెరికా నుంచి తిరిగొచ్చాను. శంషాబాదు నుంచి ఊళ్లోకి వచ్చి, రాత్రి బస్సెక్కాను. ఇటు రెండు, అటు రెండు పుష్‌బ్యాక్ సీట్లు. ఎవరి బస్సో చెప్పను, అందులో సగం పిడులు విరిగిపోయి ఉన్నాయి. ఈసారి నాకు మధ్య వరసలో సీటు. ఎన్నాళ్లకు!

ఖమ్మం దాటాక లైట్లు ఆర్పేశారు. ముందు సీటు కుర్రాడు వెనక్కి తిరిగాడు. “బాబాయ్, కొంచెం వాలుస్తాను. ఏమనుకోరుగా?”

కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది. అమెరికా దాకా పోయి వచ్చినా ఎవడూ అడగని మాట. “వాల్చుకో నాయనా, హాయిగా వాల్చుకో” అన్నాను. వాల్చాడు. నా మోకాళ్లు మళ్లీ పాత చోటికే వచ్చాయి. నాలుగు నిమిషాలు ఓర్చుకున్నాను. వాల్చితే గాని కుదిరేలా లేదు. మర్యాద తెలిసినవాణ్ణి కదా, వెనక్కి తిరిగి, “అమ్మా, కొంచెం వాలుస్తానమ్మా” అన్నాను.

“అట్లనే అన్నా” అందావిడ. నేను వాల్చాను. కాసేపటికి ఆవిడ తన వెనక్కి తిరిగి అడగడం వినిపించింది. అక్కణ్ణుంచి ఇంకో వరసకు. చీకట్లో ఆ మాట ఒక్కో సీటూ దాటుకుంటూ వెనక్కి పోయింది. ‘కొంచెం వాలుస్తా’, ‘వాల్చుకోండి’, ‘ఏమనుకోకు’, ‘ఏముంది లే’. ఎంత సంస్కారం! ఒక్కరన్నా విసుక్కోలేదు. ముందు నుంచి వెనక్కి సీట్లు కిర్రుమంటూ వాలుతున్నాయి. నాకు నిద్ర ముంచుకొస్తోంది.

ఆఖరి వరస సీట్లు వాలవు. అక్కడ ఖమ్మంలో ఎక్కిన మనిషి ఒకడు కూర్చున్నాడు, ఒళ్లో సంచి, సంచి మీద చేతులు. దుమ్ముగూడెం పోవాలని ఎక్కేటప్పుడు కండక్టరుతో అనడం విన్నాను. అతని ముందు సీటాయన వెనక్కి తిరిగి అడిగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు.

“నిద్రపోతున్నాడులే” అన్నాడు పక్కాయనతో.

కిర్రుమని ఆ సీటూ వాలింది.